సిమ్యులేటర్ ఉన్నా యాడ్‌ఆన్‌కు ఎందుకు కనపడదు

ఫ్లైట్ సిమ్యులేటర్‌లోకి కొత్త విమానాన్నో, విమానాశ్రయాన్నో యాడ్‌ఆన్‌గా, అంటే విడిగా చేర్చుకునే అదనపు భాగంగా, తెచ్చుకుందామని దాని ఇన్‌స్టాలర్‌ను నడిపితే, రెండో తెర దగ్గరో మూడో తెర దగ్గరో ‘ఈ కంప్యూటర్‌లో సిమ్యులేటర్ కనపడలేదు’ అన్న సందేశంతో పని ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యేదే. ముందురోజు రాత్రి దాకా అదే కంప్యూటర్‌లో ఆ సిమ్యులేటర్ చక్కగా నడిచి ఉంటుంది, డెస్క్‌టాప్ మీద దాని ఐకాన్ కూడా ఉంటుంది. అయినా ఇన్‌స్టాలర్ లేదంటుంది. ఈ సందేశాన్ని ఉన్నదున్నట్టు నమ్మడంతోనే తర్వాతి శ్రమ అంతా తప్పుదోవ పడుతుంది. ఇన్‌స్టాలర్ హార్డ్ డిస్క్ మొత్తం గాలించి ఆ మాట చెప్పడం లేదు. సిమ్యులేటర్ తన చిరునామాను ఫలానా చోట రాసిపెడుతుందని ఇన్‌స్టాలర్ తయారుచేసినవారు దానికి ముందే చెప్పి ఉంచారు. అది ఆ ఒక్క చోటే చూసింది. అక్కడ ఏమీ లేకపోవడం వల్లనో, ఉన్నది తప్పుగా ఉండడం వల్లనో చేతులెత్తేసింది. చెడింది ఆ రాత మాత్రమే, సిమ్యులేటర్ చెక్కుచెదరలేదు.

ఇది గ్రహించకపోతే వెంటనే తోచే మందు, సిమ్యులేటర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 తన కనీస అవసరాల జాబితాలోనే 150 జీబీ ఖాళీ స్థలం అడిగింది. ఏరోసాఫ్ట్ సంస్థ యూరప్‌లో దాన్ని డిస్కుల రూపంలో అమ్మినప్పుడు పెట్టెలో 10 డ్యుయల్ లేయర్ డీవీడీలు పెట్టవలసి వచ్చింది. ఒక వరుస చిరునామా తప్పినందుకు అంతటి దాన్ని మళ్లీ దింపుకోవడం, అదీ నెలవారీ డేటా పరిమితి ఉన్న ఇంటర్నెట్ కనెక్షన్ మీద, ఎంతమాత్రం సరైన పని కాదు. పైగా చాలా సందర్భాల్లో అది పనిచేయదు కూడా, ఎందుకంటే అన్‌ఇన్‌స్టాల్ చేసినా తొలగని పాత రాతే అసలు తప్పు అయి ఉంటుంది.

ముందుగా ఒక తేడా తేల్చుకోవాలి. ‘కనపడలేదు’ అన్న ఫిర్యాదు రెండు వేర్వేరు దశల్లో వస్తుంది, రెంటికీ మందు ఒకటి కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వస్తే అది చిరునామాకు సంబంధించినది: ఫైళ్లు ఎక్కడ పెట్టాలో యాడ్‌ఆన్‌కు తెలియలేదు. ఇన్‌స్టాల్ సజావుగా అయిపోయి, సిమ్యులేటర్‌తో పాటు పక్కన నడిచే ప్రోగ్రామ్ (మ్యాప్, వాతావరణం, కంట్రోల్ ప్యానెల్ వంటివి) ‘సిమ్యులేటర్ నడవడం లేదు’ అంటూ ఎదురుచూస్తూ ఉండిపోతే అది సంబంధానికి, అంటే నడుస్తున్న రెండు ప్రోగ్రాముల మధ్య మాటామంతీకి సంబంధించినది. మొదటి దానికి రెండో మందు వాడి రోజంతా పోగొట్టుకునేవారు ఎక్కువ. ఫైర్‌వాల్‌ను ఆపేయమన్న సలహా ఇన్‌స్టాలర్ చిక్కును ఎన్నటికీ తీర్చదు.

చిరునామా ఎక్కడ రాసి ఉంటుందన్నది సిమ్యులేటర్‌ను బట్టి మారుతుంది. ఈ గందరగోళానికి కొంత చరిత్ర ఉంది. మైక్రోసాఫ్ట్ 2006 అక్టోబరులో విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, అందరూ పిలిచే పేరు ఎఫ్‌ఎస్‌ఎక్స్, తన చిరునామాను విండోస్ రిజిస్ట్రీలో, అంటే విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులను రాసుకునే పట్టికలో, దాచేది. అందులో ఫోల్డర్ లాంటిది కీ, దానిలోని ఒక్కో రాత వాల్యూ. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, మైక్రోసాఫ్ట్ గేమ్స్, ఫ్లైట్ సిమ్యులేటర్ అనే మెట్లు దిగితే 10.0 అనే కీ వస్తుంది. అందులో ‘సెటప్‌పాత్’ అనే వాల్యూలో ఫోల్డర్ పేరు ఉంటుంది. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద అలాంటి మెట్ల చివరే ‘యాప్‌పాత్’ అనే మరో వాల్యూ ఉంటుంది. మొదటిది కంప్యూటర్ మొత్తానికి చెందిన రాత, రెండోది లాగిన్ అయిన వ్యక్తికి చెందినది. కొన్ని ఇన్‌స్టాలర్లు మొదటిదాన్ని, కొన్ని రెండోదాన్ని చదువుతాయి. ఒకే కంప్యూటర్‌లో ఒక సంస్థ యాడ్‌ఆన్ హాయిగా ఎక్కి, మరో సంస్థది మొండికేయడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

2009 జనవరిలో మైక్రోసాఫ్ట్, ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ను తయారుచేసిన తన ఏసెస్ స్టూడియోను మూసివేసింది. ఆ సిమ్యులేటర్ మూలం మాత్రం రెండు దారుల్లో బతికింది. లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ లైసెన్సు తీసుకుని ప్రిపేర్3డీ పేరుతో కొత్త వెర్షన్లు తెచ్చింది; డవ్‌టెయిల్ గేమ్స్ 2014 డిసెంబరులో ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణం ద్వారా స్టీమ్ ఎడిషన్‌గా మళ్లీ విడుదల చేసింది. లోపలి నిర్మాణం దాదాపు ఒకటే కావడంతో ఎఫ్‌ఎస్‌ఎక్స్ కోసం చేసిన యాడ్‌ఆన్లు వీటిలోనూ చాలావరకు పనిచేయగలవు. కానీ చిరునామాలు వేరు. ప్రిపేర్3డీ తన రాతను లాక్‌హీడ్ మార్టిన్ పేరు మీద, ఒక్కో ప్రధాన వెర్షన్‌కు ఒక్కో కీలో పెట్టుకుంటుంది. నాలుగో వెర్షన్ కోసం చూసే ఇన్‌స్టాలర్‌కు పక్కనే ఐదో వెర్షన్ ఉన్నా కనపడదు. స్టీమ్ ఎడిషన్ సంగతి ఇంకా సున్నితమైనది. కంప్యూటర్‌లో అదొక్కటే ఉంటే పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్ కీనే వాడుకుంటుంది. డిస్కు నుంచి ఎక్కించిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ కూడా ఉంటే దానికి అడ్డురాకుండా ‘స్టీమ్ ఎడిషన్’ అన్న మాట చేర్చిన వేరే కీలోకి జరుగుతుంది. డిస్కు నుంచి ఎక్కించినదాన్ని ఎప్పుడో తీసేసినా దాని ఆనవాళ్లు రిజిస్ట్రీలో మిగిలిపోయిన కంప్యూటర్లలో స్టీమ్ ఎడిషన్ ఈ రెండో పద్ధతిలోనే కూర్చుని ఉండవచ్చు. అప్పుడు పాత యాడ్‌ఆన్ పాత కీలో చూస్తుంది, అక్కడ ఇప్పుడు సిమ్యులేటర్ లేని ఫోల్డర్ పేరు దొరుకుతుంది, పని ఆగుతుంది.

ఎఫ్‌ఎస్‌ఎక్స్ యాడ్‌ఆన్లను ప్రిపేర్3డీలోకి ఎక్కించడానికి ఒకప్పుడు మైగ్రేషన్ టూల్స్ వచ్చాయి. అవి రిజిస్ట్రీలోని ఎఫ్‌ఎస్‌ఎక్స్ చిరునామాను తాత్కాలికంగా ప్రిపేర్3డీ వైపు తిప్పి, ఇన్‌స్టాలర్‌ను నమ్మించేవి. మధ్యలో కరెంటు పోయినా, టూల్‌ను సరిగా మూయకపోయినా ఆ తిప్పిన రాత అలాగే ఉండిపోతుంది. కొన్నేళ్ల తర్వాత కొత్త యాడ్‌ఆన్ తప్పు ఫోల్డర్‌లోకి వెళ్తుంటే, ఈ పాత పని ఎవరికీ గుర్తుకు రాదు.

ఇక 32 బిట్, 64 బిట్ తేడా. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు లోకల్ మెషీన్‌లోని సాఫ్ట్‌వేర్ కీ కింద రాసేది నిజానికి ‘వావ్6432నోడ్’ అనే ఉపకీలోకి వెళ్తుంది. విండోస్ ఈ మళ్లింపును చెప్పకుండానే చేస్తుంది కాబట్టి 32 బిట్ ఇన్‌స్టాలర్‌కు తేడా తెలియదు. అది చదివినా అక్కడి నుంచే చదువుతుంది. రిజిస్ట్రీ ఎడిటర్‌ను తెరిచి చూసే మనిషికి మాత్రం రెండు చోట్లు కనపడతాయి. ఎక్కడో చదివిన సలహా ప్రకారం వావ్6432నోడ్ బయట ఉన్న కీలో చిరునామాను రాసేసి, ‘సరిచేశాను, అయినా కనపడడం లేదు’ అనేవారికి జరిగేది ఇదే. వారు రాసింది సరైన మాటే, 32 బిట్ ఇన్‌స్టాలర్ చూడని గదిలో రాశారు. ప్రిపేర్3డీ మూడో వెర్షన్ వరకు 32 బిట్. 2017 మేలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి 64 బిట్ కావడంతో దాని కీ వావ్6432నోడ్ బయట ఉంటుంది. వెర్షన్ మారినప్పుడు చిరునామా గది కూడా మారిందన్న ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ఈ రాతను చేత్తో సరిచేయడం కష్టం కాదు, జాగ్రత్త మాత్రం అవసరం. మార్చబోయే కీని ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఒక ఫైలుగా దాచుకోవాలి. తర్వాత సెటప్‌పాత్‌లో ఉన్న ఫోల్డర్ పేరును కాపీ చేసి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో అతికించి ఎంటర్ నొక్కాలి. ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ ఈఎక్స్‌ఈ ఫైలు నేరుగా కనపడే ఫోల్డర్ తెరుచుకుంటే చిరునామా సరైనదే, కారణం మరోచోట ఉంది. దానికి పై మెట్టులోని ఫోల్డర్ తెరుచుకున్నా, ఏమీ తెరుచుకోకపోయినా అక్కడే తప్పు దొరికినట్టు. విండోస్‌ను సీ డ్రైవ్‌లో మళ్లీ ఎక్కించి, డీ డ్రైవ్‌లోని సిమ్యులేటర్‌ను అలాగే ఉంచుకున్నవారి దగ్గర ఆ కీ అసలే ఉండదు, కొత్త విండోస్‌కు ఆ సిమ్యులేటర్ సంగతి తెలియదు కనుక. చేత్తో రాసేటప్పుడు ఫోల్డర్ పేరు చివర వెనుక గీత (బ్యాక్‌స్లాష్) ఉండేలా చూసుకోవడం మేలు. ఫోల్డర్ పేరుకు ఫైలు పేరును నేరుగా అతికించే ఇన్‌స్టాలర్ ఎదురైతే, ఆ గీత లేనప్పుడు రెండు పేర్లూ కలిసిపోయి లేని ఫైలు కోసం వెతుకులాట మొదలవుతుంది.

చిరునామా సరిగ్గా ఉండి కూడా ఇన్‌స్టాలర్ ఒప్పుకోని సందర్భం ఒకటి ఉంది: వెర్షన్ తనిఖీ. కొన్ని యాడ్‌ఆన్లు ఫోల్డర్ దొరికాక ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ ఈఎక్స్‌ఈ ఫైలు వెర్షన్ సంఖ్యను కూడా చదువుతాయి. 2007లో వచ్చిన యాక్సిలరేషన్ ప్యాక్ ఉన్న ఎఫ్‌ఎస్‌ఎక్స్‌కు ఆ సంఖ్య 10.0.61637.0, స్టీమ్ ఎడిషన్‌కు 10.0.62615.0. స్టీమ్ ఎడిషన్ పుట్టకముందు తయారైన ఇన్‌స్టాలర్‌కు రెండో సంఖ్య తెలిసే వీలు లేదు. దీనికి వాడేవారి వైపు నుంచి చేయగలిగింది తక్కువ. తయారీదారు ఇచ్చే కొత్త ఇన్‌స్టాలర్‌ను తెచ్చుకోవడమే సరైన దారి.

అన్నింటికన్నా ఎక్కువగా పట్టించుకోకుండా పోయే కారణం యూజర్ అకౌంట్. మన ఇళ్లలో ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడుకోవడం మామూలే. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ తండ్రి పేరున ఉంటుంది, సిమ్యులేటర్ నడిపే కొడుకుదో కూతురిదో సాధారణ అకౌంట్. యాడ్‌ఆన్ ఇన్‌స్టాలర్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది, తండ్రి పాస్‌వర్డ్ కొడతారు, పని మొదలవుతుంది. ఆ క్షణం నుంచి ఇన్‌స్టాలర్ నడుస్తున్నది తండ్రి అకౌంట్ కింద. దానికి హెచ్‌కీ కరెంట్ యూజర్ అంటే తండ్రి రిజిస్ట్రీ. ప్రోగ్రాములు ఒక్కో వ్యక్తి సెట్టింగులను దాచే యాప్‌డేటా ఫోల్డర్ అంటే తండ్రి యాప్‌డేటా. ఆయన ఒక్కసారి కూడా సిమ్యులేటర్ తెరిచి ఉండరు కాబట్టి అక్కడ ఏ రాతా ఉండదు. తెర మీద కొడుకు డెస్క్‌టాపే కనపడుతూ ఉండడం వల్ల ఈ మార్పు ఎవరికీ తట్టదు. సిమ్యులేటర్ వాడే అకౌంట్‌కే ఆ కాసేపు అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇచ్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాక ఇన్‌స్టాలర్ నడిపితే చిక్కు తీరుతుంది. పని అయ్యాక ఆ హక్కును వెనక్కి తీసుకోవచ్చు.

2020 ఆగస్టు 18న విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌తో, అందరూ అనే ఎంఎస్‌ఎఫ్‌ఎస్‌తో, కథ మారింది. అసోబో స్టూడియో తయారుచేసిన ఈ సిమ్యులేటర్‌లో యాడ్‌ఆన్లు ‘కమ్యూనిటీ’ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఆ ఫోల్డర్ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇన్‌స్టాలర్లు మామూలుగా రిజిస్ట్రీ జోలికి పోవు. యూజర్‌సీఎఫ్‌జీ డాట్ ఆప్ట్ అనే టెక్స్ట్ ఫైలును చదువుతాయి. దాని చివర్లో ‘ఇన్‌స్టాల్డ్ ప్యాకేజెస్ పాత్’ అనే వరుస ఒకటి, కొటేషన్ గుర్తుల మధ్య ఫోల్డర్ పేరుతో ఉంటుంది. ఆ ఫోల్డర్‌ను తెరిస్తే కమ్యూనిటీ, అఫీషియల్ అనే రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనపడాలి. కనపడితే రాత సరైనది.

అయితే ఆ ఫైలు ఉండే చోటే రెండు రకాలు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి గాని గేమ్ పాస్ ద్వారా గాని వచ్చిన సిమ్యులేటర్‌కు అది లోకల్ యాప్‌డేటాలోని ప్యాకేజెస్ ఫోల్డర్‌లో, ‘మైక్రోసాఫ్ట్ డాట్ ఫ్లైట్‌సిమ్యులేటర్’ అని మొదలై అర్థంలేని అక్షరాలతో ముగిసే ఫోల్డర్ లోపల, లోకల్‌క్యాష్‌లో ఉంటుంది. స్టీమ్ నుంచి కొన్నదానికి రోమింగ్ యాప్‌డేటాలోని ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’ ఫోల్డర్‌లో ఉంటుంది. స్టీమ్ కాపీని అన్‌ఇన్‌స్టాల్ చేసి స్టోర్ కాపీకి మారినవారి దగ్గర రోమింగ్‌లోని పాత ఫైలు తరచుగా మిగిలిపోతుంది. స్టీమ్ చోటును ముందుగా చూసే ఇన్‌స్టాలర్‌కు అది దొరుకుతుంది; అది చూపే ఫోల్డర్ ఏనాడో పోయింది. ఇన్‌స్టాలర్ ‘లేదు’ అంటుంది, లేదా అంతకంటే ఇబ్బందిగా, ఆ పాత దారిలోనే కొత్త ఫోల్డర్ సృష్టించి యాడ్‌ఆన్‌ను అందులో పెట్టి ‘విజయవంతం’ అని ముగిస్తుంది. ఇక్కడ చేయవలసింది ఆ పాత ఫైలు పేరును మార్చడం. వెంటనే తుడిచేయనక్కర్లేదు, పేరు చివర ‘పాతది’ అని చేర్చినా ఇన్‌స్టాలర్ దాన్ని పట్టించుకోదు.

ఈ ఫైలు సిమ్యులేటర్‌ను మొదటిసారి నడిపినప్పుడే పుడుతుంది. ఇన్‌స్టాల్ అయిందన్న ఉత్సాహంలో సిమ్యులేటర్‌ను ఒక్కసారి కూడా తెరవకుండా యాడ్‌ఆన్‌కు వెళ్లిపోతే, చదవడానికి ఏమీ ఉండదు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ కాలం నుంచీ ఈ నియమం ఉంది: కాన్ఫిగరేషన్ ఫైళ్లు మొదటి పరుగులోనే తయారయ్యేవి. ముందు సిమ్యులేటర్‌ను ఒకసారి ప్రధాన మెనూ దాకా తీసుకెళ్లి, మామూలుగా మూసి, ఆ తర్వాతే ఇన్‌స్టాలర్‌ను నడపాలి.

మరొక చిన్న ప్రమాదం నోట్‌ప్యాడ్ వల్ల వస్తుంది. బొమ్మ స్పష్టత పెంచుకోవడానికి యూజర్‌సీఎఫ్‌జీ ఫైలులో ఏవో అంకెలు మార్చేవారు చాలామంది ఉన్నారు. సేవ్ చేసేటప్పుడు చివర టీఎక్స్‌టీ చేరిపోతే, విండోస్ ఫైలు ఎక్స్‌టెన్షన్లను మామూలుగా దాచి ఉంచుతుంది కనుక, ఎక్స్‌ప్లోరర్‌లో పేరు సరిగ్గానే కనపడుతుంది. వ్యూ మెనూలో ఎక్స్‌టెన్షన్లు చూపించే గడిని టిక్ చేసి చూస్తేనే రెండో తోక బయటపడుతుంది.

2024 నవంబరు 19న వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 తనకంటూ వేరే చిరునామా పెట్టుకుంది. స్టీమ్ కాపీ అయితే ఫోల్డర్ పేరులో 2024 అని ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. స్టోర్ కాపీ ప్యాకేజెస్ ఫోల్డర్‌లో ‘మైక్రోసాఫ్ట్ డాట్ లిమిట్‌లెస్’ అన్న పేరుతో ఉంటుంది. ఆ పేరులో ఎక్కడా ఫ్లైట్ సిమ్యులేటర్ అన్న మాట లేదు. తెలియనివారు దాన్ని ఇంకేదో అనుకుని దాటిపోతారు. 2024 రాకముందు తయారైన ఇన్‌స్టాలర్లకు కూడా ఈ పేరు తెలియదు. కాబట్టి 2024 మాత్రమే ఉన్న కంప్యూటర్‌లో పాత ఇన్‌స్టాలర్ ‘సిమ్యులేటర్ లేదు’ అంటే దానికి తెలిసినంతలో అది నిజమే చెబుతోంది. ఫోల్డర్‌ను చేత్తో ఎంచుకునే వీలుంటే కమ్యూనిటీ ఫోల్డర్‌ను చూపవచ్చు, కానీ ఆ యాడ్‌ఆన్ 2024లో పనిచేస్తుందని తయారీదారు చెప్పి ఉంటేనే ఆ పని చేయాలి.

చేత్తో ఎంచుకోవడంలో మెట్టు తప్పడం మామూలు. కమ్యూనిటీని అడిగిన చోట దాని పై ఫోల్డర్‌ను, ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌ను అడిగిన చోట డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ఉన్న ఫోల్డర్‌ను చూపిస్తారు. స్టోర్ కాపీలో ఈఎక్స్‌ఈ ఫైలు విండోస్ కాపలా పెట్టిన ఫోల్డర్‌లో ఉండవచ్చు, అందులోకి వెళ్లనివ్వదు. ఆ తలుపును బలవంతంగా తెరవడానికి అనుమతులు మార్చమన్న సలహాను పాటించకపోవడమే మంచిది, ఎందుకంటే ఎంఎస్‌ఎఫ్‌ఎస్ యాడ్‌ఆన్‌కు ఆ ఫోల్డర్‌తో పని లేదు. ఇన్‌స్టాలర్ లేకుండా జిప్ ఫైలుగా వచ్చే యాడ్‌ఆన్లకు చిరునామా గొడవే ఉండదు గానీ, జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో ఫోల్డర్ ఏర్పడితే సిమ్యులేటర్ దాన్ని చదవదు. మానిఫెస్ట్ డాట్ జేసన్, లేఅవుట్ డాట్ జేసన్ అనే రెండు ఫైళ్లు కమ్యూనిటీలోని మొదటి ఫోల్డర్ తెరవగానే కనపడాలి.

ఎక్స్‌ప్లేన్ దారి వీటన్నింటికీ భిన్నం. లామినార్ రీసెర్చ్ తయారుచేసే ఈ సిమ్యులేటర్‌ను ఏ ఫోల్డర్‌లోనైనా ఉంచవచ్చు, ఆ ఫోల్డర్‌ను మరో డ్రైవ్‌కు జరిపినా అది నడుస్తుంది. యాడ్‌ఆన్ల సౌకర్యం కోసం దాని ఇన్‌స్టాలర్ విండోస్‌లో లోకల్ యాప్‌డేటాలో ‘ఎక్స్‌ప్లేన్ ఇన్‌స్టాల్ 12’ వంటి పేరున్న చిన్న టెక్స్ట్ ఫైలును వదిలి, అందులో వరుసకు ఒకటి చొప్పున ఫోల్డర్ల పేర్లు రాస్తుంది. పదకొండో వెర్షన్‌కు వేరే ఫైలు, పన్నెండో వెర్షన్‌కు వేరే ఫైలు. ఫోల్డర్‌ను చేత్తో జరిపినప్పుడు ఆ ఫైలు దానంతటది మారదు. ఆ స్వేచ్ఛే యాడ్‌ఆన్‌కు తికమక. నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరిచి, పోయిన దారి ఉన్న వరుసను తీసేసి, ఇప్పుడున్న దారిని రాయడం ఒక్క నిమిషం పని. రిజిస్ట్రీతో పోలిస్తే ఇది మనిషి కంటికి ఆనే పద్ధతి, అందువల్ల మేలైనది కూడా.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే ఒక కారణం ఉంది. కొత్త కంప్యూటర్‌లో లోకల్ అకౌంట్ తెరిచేటప్పుడు ముచ్చటపడి పేరును తెలుగు లిపిలో పెట్టుకుంటే, యూజర్ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే ఏర్పడుతుంది. అన్ని లిపులకూ చోటున్న యూనికోడ్ పద్ధతిని చదివే ప్రోగ్రాములకు ఇబ్బంది లేదు. పాత యాడ్‌ఆన్లలో చాలా వాటికి యూనికోడ్ రాదు; అవి విండోస్ పాత ఆన్సీ కోడ్ పేజీల మీద, అంటే కొన్ని లిపులకే చోటున్న అక్షరాల పట్టికల మీద, ఆధారపడతాయి. రష్యన్, గ్రీకు వంటి వాటికి అలాంటి కోడ్ పేజీలు ఉన్నాయి గాని తెలుగుకు విండోస్‌లో ఏనాడూ లేదు. మన లిపికి యూనికోడ్ మద్దతు మాత్రమే వచ్చింది. కాబట్టి ఆ ప్రోగ్రామ్‌కు యాప్‌డేటా దారిలో యూజర్ పేరున్న చోట ప్రశ్నార్థకాలు మాత్రమే అందుతాయి, ఆ ప్రశ్నార్థకాల ఫోల్డర్ ఎక్కడా ఉండదు. అకౌంట్ పేరును తర్వాత మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లీషు అక్షరాలతో కొత్త అకౌంట్ తెరిచి అందులో సిమ్యులేటర్‌ను నడుపుకోవడం తప్ప దీనికి తేలికైన దారి లేదు. మన పేరు మన లిపిలో రాసుకోవడంలో తప్పేమీ లేదు, తప్పంతా ఆ ప్రోగ్రాములది. అయినా నష్టం వాడేవారికే.

ఇలాంటి యాడ్‌ఆన్ల అవసరం మనవాళ్లకు లేకపోలేదు. శంషాబాద్ విమానాశ్రయం రాకపోకలకు తెరుచుకున్నది 2008 మార్చిలో, ఎఫ్‌ఎస్‌ఎక్స్ వచ్చినది అంతకు ఏడాదిన్నర ముందు. అందులో హైదరాబాద్ అంటే బేగంపేటే. శంషాబాద్‌లో దిగాలంటే యాడ్‌ఆన్ తప్ప మార్గం లేదు, అవి పాత కాలపు ఇన్‌స్టాలర్లతోనే వస్తాయి.

ఇన్‌స్టాలర్ ఏ చోట చూస్తోందో ఊహించలేని పరిస్థితి వస్తే, దాన్ని కనిపెట్టి చూసే సాధనం ఉంది. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ విభాగం ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్, కంప్యూటర్‌లో ప్రతి ప్రోగ్రామ్ ఏ కీని అడిగిందో, ఏ ఫైలును తెరవబోయిందో, ఏ జవాబు వచ్చిందో వరుసగా చూపుతుంది. దాన్ని ప్రారంభించి, ఇన్‌స్టాలర్‌ను ఆ సందేశం వచ్చే దాకా నడిపి, నమోదును ఆపాలి. తర్వాత ఇన్‌స్టాలర్ పేరుతో వడకట్టాలి. ఇక్కడ ఒక మెలిక: ఇన్‌స్టాలర్లను తయారుచేసే ఇన్నో సెటప్ అనే సాధనంతో తయారైన ఇన్‌స్టాలర్లు తమను తాము టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుని, టీఎంపీ తోక ఉన్న రెండో ప్రోగ్రామ్‌గా అసలు పని చేస్తాయి, మొదటి పేరుతో మాత్రమే వడకడితే ముఖ్యమైనదంతా జారిపోతుంది. ఫలితాల గడిలో ‘నేమ్ నాట్ ఫౌండ్’ అన్న వరుసలు వందల్లో ఉంటాయి, వాటిలో అత్యధికం మామూలు వెతుకులాటలే. ఫ్లైట్ సిమ్యులేటర్, లాక్‌హీడ్ మార్టిన్, డవ్‌టెయిల్, యూజర్‌సీఎఫ్‌జీ వంటి మాటల కోసం వెతికితే, సందేశం రావడానికి కొద్దిగా ముందు అడిగిన కీ పూర్తి దారితో సహా, వావ్6432నోడ్ ఉందో లేదో కూడా తెలిసేలా, బయటపడుతుంది. అక్కడి నుంచి ఊహలకు పని లేదు.

నడుస్తున్నప్పుడు కనపడకపోవడం గురించి చెప్పవలసింది కొంత తక్కువ. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌తో మొదలై ఎంఎస్‌ఎఫ్‌ఎస్ దాకా బయటి ప్రోగ్రాములు సిమ్యులేటర్‌తో మాట్లాడే మార్గం సిమ్‌కనెక్ట్. ఎఫ్‌ఎస్‌ఎక్స్ కాలంలో దానికి మూడు వెర్షన్లు ఉండేవి: మొదటి విడుదలది, సర్వీస్ ప్యాక్ 1ది, సర్వీస్ ప్యాక్ 2ది. ప్రతి యాడ్‌ఆన్ తాను ఏ వెర్షన్‌తో తయారైందో దాన్నే అడుగుతుంది, కొత్తది ఉన్నా సరిపెట్టుకోదు. స్టీమ్ ఎడిషన్‌లో సిమ్యులేటర్ ఫోల్డర్ లోపలి ఎస్‌డీకే (యాడ్‌ఆన్లు తయారుచేసేవారి సాధనాలు) విభాగంలో ‘లెగసీ ఇంటర్‌ఫేసెస్’ అనే ఫోల్డర్ ఉంటుంది. పాత వెర్షన్ల ఇన్‌స్టాలర్లు అందులో సిద్ధంగా ఉన్నాయి, యాడ్‌ఆన్ అడిగినదాన్ని నడిపితే చాలు. ఎవరైనా ఒకప్పుడు రెండు కంప్యూటర్లను కలిపి వాడి ఉంటే, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనో యాడ్‌ఆన్ సొంత ఫోల్డర్‌లోనో సిమ్‌కనెక్ట్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలు మిగిలి ఉండవచ్చు. అది ఉన్నంతకాలం యాడ్‌ఆన్ పక్కనే నడుస్తున్న సిమ్యులేటర్‌ను వదిలి, నెట్‌వర్క్‌లో ఇప్పుడు లేని కంప్యూటర్‌ను పిలుస్తూనే ఉంటుంది.

ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్ ద్వారా సిమ్యులేటర్‌తో మాట్లాడే యాడ్‌ఆన్ల విషయంలో అధికార స్థాయి ముఖ్యం. ఆ సంభాషణ విండోస్ సందేశాల ద్వారా జరుగుతుంది. విస్టా నాటి నుంచి విండోస్, సాధారణ స్థాయిలో నడిచే ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్ స్థాయిలో నడిచే ప్రోగ్రామ్‌కు అలాంటి సందేశాలు పంపకుండా అడ్డుకుంటుంది. సిమ్యులేటర్‌ను ఒక స్థాయిలో, యాడ్‌ఆన్‌ను మరో స్థాయిలో నడిపితే ఒకదానికొకటి వినపడవు. రెంటినీ ఒకే స్థాయిలో, వీలైతే రెంటినీ సాధారణ స్థాయిలో నడపాలి. ‘అన్నింటినీ అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి’ అన్న సలహా సగం మాత్రమే పాటించినప్పుడే ఈ చిక్కు ఎక్కువగా పుడుతుంది.

ఎంఎస్‌ఎఫ్‌ఎస్‌తో పాటే తెరుచుకోవలసిన యాడ్‌ఆన్లన్నీ ఒకేసారి రాకుండా పోతే, చూడవలసినది, సిమ్యులేటర్‌తో పాటు ఏవి తెరవాలో రాసి ఉండే ఈఎక్స్‌ఈ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు. అది యూజర్‌సీఎఫ్‌జీ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటుంది. దాన్ని పలు ఇన్‌స్టాలర్లు తమ తమ వరుసలు చేరుస్తూ మారుస్తాయి. ఒక్కరు ట్యాగ్ మూయడం మరిచినా మిగతావారి వరుసలు కూడా చెల్లకుండా పోతాయి. ఆ ఫైలును బ్రౌజర్‌లోకి లాగి వదిలితే ఏ వరుసలో తప్పుందో బ్రౌజరే చెబుతుంది.

ఇంత చేసినా తెగకపోతే తయారీదారుకు రాయవలసిందే. ‘సిమ్యులేటర్ కనపడడం లేదు, సాయం చేయండి’ అన్న ఒక్క వాక్యానికి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్న జవాబు తప్ప మరొకటి రాదు. లేఖలో ఉండవలసినవి ఇవి: ఏ సిమ్యులేటర్, ఏ వెర్షన్, స్టోరా స్టీమా డిస్కా. సందేశం ఇన్‌స్టాల్ చేసేటప్పుడా నడిపేటప్పుడా. ఇన్‌స్టాలర్ అడిగిన కీ లేదా ఫైలు పూర్తి దారి. అక్కడ ఇప్పుడున్న వాల్యూ. సిమ్యులేటర్ నిజంగా ఉన్న ఫోల్డర్. సిమ్యులేటర్, ఇన్‌స్టాలర్ రెండూ ఒకే అకౌంట్ కింద నడిచాయా లేదా అన్న సంగతి. ఇవన్నీ ఉన్న లేఖ అందుకున్న ప్రోగ్రామర్ తన కోడ్‌లో ఆ దారి ఉన్న వరుసకు నేరుగా వెళ్లగలరు. మంచి ఇన్‌స్టాలర్ చేయవలసిన పని కూడా ఇదే సందర్భంలో వారికి గుర్తుచేయవచ్చు: ‘కనపడలేదు’ అని ఆగిపోకుండా, ఎక్కడ చూసిందో ఆ దారిని సందేశంలోనే చూపి, పక్కనే ఫోల్డర్‌ను ఎంచుకునే బటన్ పెట్టడం.